రాత్రివేళ బండి నంబరును పట్టుట

మీ అంగడి వాకిట కెమెరా ఒకటి కలదు. పగటివేళ దానిలో వీధి యంతయు, ఎదుటి టీ బంకును, వచ్చిపోవు జనుల ముఖములును స్పష్టముగా కనబడుచుండుట చూచి, ఇక మనకు భయము లేదని మీరు నిశ్చింతగా నున్నారు. ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ బండి యొకటి వచ్చి నిలిచినది, తాళము పగిలినది, సరకు పోయినది, బండి వెడలిపోయినది. తెల్లవారి మీరు రికార్డును వెనుకకు త్రిప్పి చూచినప్పుడు బండి వచ్చుట కనబడును, మనిషి దిగుట కనబడును, పోవునప్పటి ఎఱ్ఱదీపము సైతము కనబడును. కాని నంబరుండవలసిన చోట తెల్లని వెలుగుముద్ద తప్ప అక్షరమొక్కటియు కానరాదు. స్టేషనులో మిమ్ము అడుగు మొదటి ప్రశ్న నంబరెంత యనియే కదా?

ఇట్టి నిరాశ మీకు కలిగియున్నచో అధైర్యపడకుడు. ఉన్న కెమెరా పనికిరానిదని తీర్మానించి, మఱింత ఖరీదు గలదానిని కొనుటకు తొందరపడకుడు. ఎనిమిది మెగాపిక్సెళ్లదైనను, వీధినంతటిని చూపుటకు బిగించిన కెమెరా రాత్రివేళ నంబరును చదువలేదు. నంబరును చదువుటకు సిద్ధపఱచిన రెండు మెగాపిక్సెళ్ల కెమెరా వీధిని చూపజాలదు. ఈ రెండు పనులను ఒక్కదానికే అప్పగించుట వలననే మనలో నూటికి తొంబదిమంది నష్టపోవుచున్నారని నా దృఢవిశ్వాసము. ఒక కెమెరాకు ఒకే పని నిచ్చుటకు మీరు మనస్సును సిద్ధపఱచుకొన్నచో, తక్కినదంతయు ఓర్పుతో ఒక సాయంకాలము కూర్చుండి చేయదగినదే.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఒక వ్యాపారిని ఊహింపుడు. కెమెరాలు బిగించు కుఱ్ఱవాడు వచ్చి, చూరు క్రింద 2.8 మి.మీ. లెన్సు గల కెమెరాను తగిలించి, టీవీలో చూపి, "ఈదంతా కనపడ్తాంది గదన్నా, ఇంకేం గావాల?" అని అడుగును. వ్యాపారియు సంతోషించి డబ్బు చెల్లించును. ఆ సంతోషములోనే దోషము దాగియున్నది. ఎనిమిది మీటర్ల దూరమున ఆ లెన్సు సుమారు 15 మీటర్ల వెడల్పు గల దృశ్యమును పట్టును. కెమెరా యొక్క 1920 పిక్సెళ్లను ఆ 15 మీటర్లకు పంచినచో మీటరునకు 128 మాత్రమే లభించును. కారు నంబరు ఫలకము 500 మి.మీ. వెడల్పుది గనుక దానికి 64 పిక్సెళ్లు. మోటారుసైకిలు ఫలకము 200 మి.మీ. వెడల్పుదే గనుక దానికి ఇంచుమించు 25 పిక్సెళ్లు. అందు ఒక్కొక్క అక్షరమునకు దక్కునవి ఎన్ని? ద్విచక్రవాహనపు వెనుక ఫలకముపై అక్షరముల ఎత్తు 35 మి.మీ., అంకెల ఎత్తు 40 మి.మీ. ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. ఆ 35 మి.మీ. అక్షరమునకు మన కెమెరాలో నాలుగైదు పిక్సెళ్లకు మించి రావు. ఆ కొద్దిపాటి చుక్కలతో 3కును 8కిని, బీకిని డీకిని భేదమెవ్వరు చెప్పగలరు? తరువాత ఎంత పెద్దది చేసి చూచినను లేని అక్షరము పుట్టదు. సినిమాలలో మీట నొక్కినంతనే మసక తొలగి నంబరు తేటపడుట చూచి మోసపోకుడు.

కావున పని నిట్లు ఆరంభింపుడు.

1. ముందుగా చోటు నెన్నుకొనుడు. వాహనము తప్పనిసరిగా నెమ్మదించు స్థలమేది? గేటు, మలుపు, వేగనిరోధకపు గట్టు, కాటా: వీనిలో ఏదో ఒకటి మీ ఆవరణకు దగ్గరగా ఉండియే యుండును. జమ్మలమడుగు ప్రాంతమున నాపరాయి బండలను కోసి నునుపుచేయు పాలిష్ ఫ్యాక్టరీ వారికి ఈ విషయమున గొప్ప అదృష్టము కలదు. లోనికి వచ్చు లారీ, బయటికి పోవు లారీ రెండును కాటా మీద క్షణకాలమైనను నిలువక తప్పదు. అట్టిచోటును విడిచి, రోడ్డు మీద యాభై కిలోమీటర్ల వేగమున పోవు బండిని పట్టవలెనని ప్రయాసపడుట యేల? వాహనముల నంబరులను యంత్రముచేత చదివించు విద్య 1976లో బ్రిటనులో పోలీసు శాస్త్రీయ విభాగమున పుట్టినది. 1981లో దొంగిలింపబడిన కారొకటి ఆ విధముగా గుర్తింపబడి మొదటి అరెస్టు జరిగినది. ఆ యంత్రములను నెలకొల్పువారు తఱచుగా బండి నడచు వరుస నొకదానిని ఎంచుకొని, దాని మీదనే దృష్టిని నిలుపుచున్నారు. మీరును అట్లే చేయుడు.

2. ముందు ఫలకమా, వెనుక ఫలకమా యను దానిని నిర్ణయించుకొనుడు. నేను సాధారణముగా వెనుక ఫలకమునే ఎంచుకొమ్మని చెప్పుదును. ఎదురుగా వచ్చు బండి దీపములు కెమెరా కన్నును గ్రుడ్డిచేయును. వెనుక ఫలకమునకు అట్టి యిబ్బంది తక్కువ. పైగా రాత్రివేళ వెనుక నంబరు 15 మీటర్ల దూరము నుండి చదువదగునట్లు తెల్లని దీపముతో వెలుగుచుండవలెనని నిబంధన కలదు. ఆ దీపము వెలుగుచున్న బండ్లు మన రోడ్ల మీద ఎన్ని యన్నది వేరు సంగతి. మోటారుసైకిళ్ల విషయమున వెనుక ఫలకమే శరణ్యము, ముందరిది మఱింత చిన్నది. అయితే ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములకు తిరుగు లారీలకును, రాయలసీమ తాప విద్యుత్కేంద్రము నుండి బూడిద మోయు బండ్లకును వెనుక ఫలకము దుమ్ముతో కప్పబడియుండుట సర్వసాధారణము. అట్టి బండ్లు వచ్చు ఆవరణలలో ముందు ఫలకమునకు ఒకటి, వెనుక ఫలకమునకు ఒకటి ఉంచుట మేలు.

3. దృశ్యమును ఇఱుకు చేయుడు. ఇదియే ఈ అధ్యాయమునకు ప్రాణము. ఎనిమిది మీటర్ల దూరమున 12 మి.మీ. లెన్సు సుమారు 3.6 మీటర్ల వెడల్పును మాత్రమే చూపును. అప్పుడు మీటరునకు 530 పిక్సెళ్లు లభించును. కారు అక్షరము ఎత్తు 65 మి.మీ. గనుక దానికి 35 పిక్సెళ్లు, మోటారుసైకిలు అక్షరమునకు 18 పిక్సెళ్లు వచ్చును. అక్షరమునకు 15 నుండి 20 పిక్సెళ్ల ఎత్తు ఉన్నచో మనిషి కన్ను నమ్మకముగా చదువగలదు. కావున క్రొత్తగా కొనువారు 2.8 నుండి 12 మి.మీ. వరకు మార్చుకొనదగిన వేరీఫోకల్ లెన్సు గల కెమెరాను అడిగి తీసికొనుడు; దూరము పదునైదు మీటర్లు దాటినచో 5 నుండి 50 మి.మీ. లెన్సు కావలసివచ్చును. లెన్సు మార్చుటకు వీలులేని కెమెరాయే ఉన్నచో దానిని గేటునకు దగ్గరగా జరుపుడు. తెర మీద వ్రేళ్లతో పెద్దది చేయుట ఇందుకు బదులు కాదు. గేటు మాత్రమే కనబడి, వీధి అదృశ్యమగుట చూచి మీ మనస్సు మొదట ఒప్పదు. ఒప్పించుకొనవలెను. వీధిని చూచుటకు పాత కెమెరా ఉండనే యున్నది.

4. కోణమును సరిచూచుకొనుడు. కెమెరా చూపునకును బండి నడచు దారికిని నడుమ కోణము అడ్డముగా గాని నిలువుగా గాని 30 డిగ్రీలు మించకుండుట మంచిది. అంగడి మిద్దె మీద ఐదు మీటర్ల ఎత్తున బిగించి, సరిగా క్రిందనే మూడు మీటర్ల దూరమున నిలుచు బండిని చూడబోయినచో అక్షరములు నలిగిపోయి, ఫలకపు పై అంచు తప్ప ఏమియు కనబడదు. అదే ఎత్తు నుండి పది మీటర్ల దూరపు చోటును చూచినచో కోణము 30 డిగ్రీలకు లోబడును, పని జరుగును. చేతికందని ఎత్తున ఉంచవలెనను భయము న్యాయమైనదే గాని, ఆ భయముతో ఆకాశమున బిగించుట వలన ప్రయోజనము లేదు. మూడు మీటర్ల ఎత్తున, ఇనుప తొడుగుతో, వీధి కెమెరా చూపులో పడునట్లు ఉంచుడు. ఒకదానిని మఱియొకటి కాపాడును.

ఇంతవరకు చెప్పినది పగటివేళ చేయదగిన పని. ఇక మీదటిది చీకటిపడిన పిమ్మట చేయవలసినది. సాయంకాలము నాలుగు గంటలకు వచ్చి అన్నియు సరిచేసి, ఐదు గంటలకు డబ్బు తీసికొని పోవు పనివానిచే ఈ భాగము జరుగదు. ఎనిమిది గంటల తరువాత రమ్మనుడు. ఆతడు రానిచో మీరే చేయుడు. కెమెరాలోని అమరికల పట్టికను తెరచుటకు గొప్ప విద్య అక్కరలేదు. మార్చుటకు ముందు పాత అమరికను ఫోనులో ఫొటో తీసి యుంచుకొన్నచో ఎప్పుడైనను వెనుకకు రావచ్చును.

5. నంబరు తెల్లబోవుట యెందుకో తెలిసికొని, దానిని మాన్పుడు. 2019 ఏప్రిల్ 1 నుండి అమ్మబడుచున్న క్రొత్త వాహనములకు అధిక భద్రతా నంబరు ఫలకములు తప్పనిసరి చేయబడినవి. అల్యూమినియపు రేకు మీద అంటించిన ఆ పొర తనపై బడిన వెలుతురును వచ్చిన దిక్కునకే త్రిప్పికొట్టు స్వభావము గలది. కెమెరా చుట్టునున్న ఐఆర్ దీపములు విరజిమ్ము పరారుణ కాంతి యంతయు ఫలకమును తాకి, సూటిగా కెమెరా కంటిలోనికే మరలివచ్చును. చీకటిలో ఇత్తడి పళ్లెము మీదికి టార్చి కొట్టినట్లు మెఱపు తప్ప మఱేమియు కనబడదు. మన జిల్లా పాత బండ్ల మీది ఏపీ 04 ఫలకములలో వట్టి రంగుతో వ్రాసినవి ఇట్లు మెఱయవు. 2019 తరువాతి ఏపీ 39 బండ్లలో ఈ చిక్కు హెచ్చుగా కనబడుటకు కారణమిదియే.

దీనికి విరుగుడేమి? కెమెరా పట్టికలో ఐఆర్ బలమును స్వయంచాలకము నుండి తప్పించి, సగమునకు, అవసరమైనచో ఇంకను క్రిందికి దింపుడు. తరువాత షట్టరును మార్చుడు. ఈ రెండును కలిసి పనిచేయవలెను గాని ఒకటి చాలదు.

6. షట్టరు వేగమును పెంచుడు. స్వయంచాలకముగా విడిచిపెట్టిన కెమెరా చీకటిలో షట్టరును సెకనులో 25వ వంతు కాలము తెరచియుంచును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు పది మీటర్లు పోవును గనుక, ఆ తెరచియున్న కాలములోనే 40 సెంటీమీటర్లు జరిగిపోవును. అలికినట్లు కనబడక ఏమగును? 500వ వంతునకు మార్చినచో జరుగు దూరము 2 సెంటీమీటర్లు. 1000వ వంతునకు మార్చినచో ఒక సెంటీమీటరు, అనగా కారు ఫలకము మీది అక్షరపు గీత మందమంత. గేటు దగ్గర పది కిలోమీటర్ల వేగమున ప్రాకు బండికి 250వ వంతు చాలును. మోటారుసైకిలు గీత యింకను సన్నమైనది గనుక దానికి 500తో ఆరంభింపుడు.

ఇచ్చటనే అందఱును భయపడి వెనుకకు పోవుదురు. షట్టరు వేగము పెంచగానే తెర యంతయు నల్లబడును. గోడ కనబడదు, మనిషి కనబడడు, బండి ఆకారము సైతము సరిగా తెలియదు. కెమెరా చెడిపోయినదని యింటివారు కంగారుపడుదురు. పనివాడు తొందరగా పాత అమరికకు మార్చివేయును. మార్చనీయకుడు! ఒక బండిని ఆ చీకటి దృశ్యములోనికి నడిపించి చూడుడు. ఏ మెఱుపు ఇంతకాలము మిమ్ము బాధించినదో ఆ మెఱుపే ఇప్పుడు మీకు తోడ్పడును. చుట్టునున్నదంతయు చీకటిలో నణగిపోయి, నంబరు ఫలకమొక్కటి నల్లని అక్షరములతో తేటగా వెలుగును. నంబరు కొఱకు ఉంచిన కెమెరాలో రాత్రివేళ నంబరు తప్ప మఱేమియు కనబడకుండుట దాని ఆరోగ్యలక్షణము.

7. మంచి చేయబోయి చెఱుపు చేయు సౌకర్యములను ఆపుడు. గెయిన్ అను అమరిక చీకటి దృశ్యమును బలవంతముగా వెలిగించి, ఫలకమును తెల్లబఱచును. దానిని తక్కువలో కట్టివేయుడు. డబ్ల్యూడీఆర్ వెలుగునీడలను సమము చేయబోయి, కదలు బండికి రెండు నీడలను కల్పించును, ఆపివేయుడు. మచ్చలను తుడుచు డీఎన్ఆర్‌ను హెచ్చుగా పెట్టినచో కదలు అక్షరములను కూడ మచ్చలనుకొని తుడిచివేయును, తగ్గింపుడు. దీపముల మెఱపును అణచు హెచ్ఎల్‌సీ కొన్ని కెమెరాలలో మేలే చేయును, పరీక్షించి ఉంచుకొనుడు. రాత్రివేళ రంగులు పోయి నలుపు తెలుపులలో ఉండునట్లు స్థిరపఱచుడు. లేనిచో ప్రతి బండి దీపమునకును కెమెరా పగలు వచ్చినదని భ్రమించి, రంగులకు మారి, మరల నలుపునకు మారి, ఆ సందడిలో బండిని పోగొట్టుకొనును.

రంగుతో వ్రాసిన నంబరులు గల ట్రాక్టరు ట్రాలీలు, పాత టిప్పర్లు మీ దారిలో ఎక్కువగా తిరుగుచున్నవా? అట్లయినచో పై పద్ధతి పూర్తిగా పనిచేయదు. ఆ ఫలకములు వెలుతురును త్రిప్పికొట్టవు. గేటునకు పక్కనుండి ఫలకము మీద పడునట్లు తెల్లని ఎల్ఈడీ దీపమొకటి బిగింపుడు. ఆ దీపము డ్రైవరు కన్నులలో గాని కెమెరా కంటిలో గాని సూటిగా పడకుండ చూచుకొనుడు.

8. ఫోకసును రాత్రియే సరిచేయుడు. పరారుణ కాంతికి లెన్సు ఫోకసు పగటి వెలుతురునకున్న చోటనే ఉండదు, కొద్దిగా జరుగును. వీధిని చూచువారికి ఆ భేదము తెలియదు గాని, సన్నని అక్షరమునకు అదియే ప్రాణాంతకము. మీ సొంత బండిని అనుకొన్న చోట నిలిపి, ఐఆర్ వెలుగుచుండగా, అక్షరపు అంచులు పదునెక్కువరకు త్రిప్పి మరను బిగింపుడు. స్వయంచాలకపు ఫోకసు ఉన్నచో దానిని ఆ స్థితిలో ఆపివేయుడు.

9. రికార్డును మఱచిపోకుడు. ప్రత్యక్షముగా చూచునప్పుడు తేటగా ఉన్న నంబరు, మఱునాడు రికార్డులో అలికినట్లుండుట మీరెప్పుడైనను గమనించితిరా? స్థలము కలిసివచ్చునని బిట్‌రేటును మరీ తగ్గించినచో ఇట్లగును. ఆ ఒక్క కెమెరాకు సెకనునకు 4 మెగాబిట్లు ఇచ్చినను రోజునకు 43 జీబీ, ముప్పది రోజులకు 1300 జీబీ పట్టును. 2 టీబీ డిస్కులో అది ఇముడును. ఫోనులో చూచుటకు వచ్చు చిన్న చిత్రమును గాక, అసలు చిత్రమునే డిస్కులో పడునట్లు చూచుకొనుడు. యంత్రపు గడియారము సంగతి మఱింత ముఖ్యము. రికార్డు చేయు డీవీఆర్ గడియారము పది నిమిషములు వెనుకబడియున్నచో, మీ దృశ్యమునకును పక్క అంగడి దృశ్యమునకును పొత్తు కుదరదు. దర్యాప్తు చేయువారు ఒక వీధిలో బండి పోయిన దారిని కెమెరా తరువాత కెమెరాగా కూర్చుకొనుట గడియారముల మీదనే ఆధారపడియున్నది. ఇంటర్నెట్టు ద్వారా కాలమును సరిదిద్దుకొను అమరికను పెట్టుడు. ఇంటర్నెట్టు లేనిచో నెలకొకసారి చేతితో సరిచేయుడు.

ఇక పులివెందుల వైపు తోటల యజమానులకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. అరటి తోటలలోను, చీనీ తోటలలోను బోరుబావుల మోటారు తీగలు దొంగలపాలగుట రైతును రెండు విధముల దెబ్బతీయును: తీగ పోవును, అది మరల వచ్చులోపల తడి అందక పంట వాడును. వీధిదీపము లేని మట్టిదారి, మాటిమాటికి పోవు కరెంటు, వైరు లాగుటకు వీలుగాని దూరము: వీనిని చూచి అనేకులు సూర్యశక్తితో నడచు సిమ్‌కార్డు కెమెరాలను కొనుచున్నారు. అవి మనుష్యుల రాకపోకలను చూచుటకు మంచివే. కాని వానిలో పెక్కు బ్యాటరీని కాపాడుకొనుటకు నిద్రించుచుండి, ఎదుట కదలిక కలిగిన పిదప మేల్కొనును. అది మేల్కొను రెండు మూడు సెకనులలో బొలేరో దాటిపోవును. నంబరు కావలెననినచో ఎల్లప్పుడును రికార్డు చేయు కెమెరాయే కావలెను. దానికి తగిన బ్యాటరీయో ఇన్వర్టరో ఉండవలెను. కెమెరాకు ముందు దారికి అడ్డముగా గొలుసు గాని, మూసిన గేటు గాని, కనీసము ఎత్తైన మట్టికట్ట గాని ఏర్పాటు చేసినచో బండి తప్పక నెమ్మదించును. గెలలు ఎక్కించుకొని రాత్రివేళ పోవు లారీలను ఆ చోటనే నిలిపి పంపుట అలవాటు చేసినచో, మీ కెమెరాకు ప్రతిరాత్రియు పరీక్ష జరిగినట్లగును.

తఱచుగా జరుగు పొరపాట్లలో నాలుగింటిని మాత్రము ప్రస్తావింతును. మొదటిది, కెమెరాను కిటికీ అద్దము వెనుక ఉంచుట; ఐఆర్ వెలుతురు అద్దమునకే తగిలి తిరిగివచ్చి కన్నును కప్పును. రెండవది, శుభ్రపఱచక వదలివేయుట. నాపరాయి పాలిష్ పొడి, సిమెంటు దుమ్ము, ఐఆర్ వెచ్చదనమునకు చేరు పురుగులు, వానికొఱకు వచ్చి గూడు కట్టు సాలెపురుగు: ఇవి మన ప్రాంతమున నెల దినములలోనే లెన్సును మూసివేయగలవు. పదునైదు రోజులకొకసారి మెత్తని బట్టతో తుడిపింపుడు. పొడిబట్టతో గట్టిగా రుద్దినచో ఆ రాతిపొడియే లెన్సును గీయును గనుక ముందు దుమ్మును ఊదివేయుడు. మూడవది, ఒకసారి సరిచేసిన పిదప చూడకుండుట. గాలివానకు కెమెరా ప్రక్కకు తిరిగినచో, మూడున్నర మీటర్ల దృశ్యములో ఫలకము అంచునకు జరిగిపోవును. నాలుగవది, పొరుగువారి వాకిలి కూడ కనబడునట్లు కెమెరాను త్రిప్పుట. గోపనీయత పౌరుని ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. అది అటుండగా, ఎదురింటి ఆడవారు ముగ్గు వేయుటకు సంకోచించునట్లు చేయు కెమెరా వీధిలో ఎవ్వరికిని మేలు చేయదు. నంబరు కొఱకు దృశ్యమును ఇఱుకు చేసినప్పుడు ఈ దోషము తనంతట తానే తొలగును, అది మఱియొక లాభము.

పరీక్ష ఎట్లు చేయవలెను? మీ మోటారుసైకిలును, తెలిసినవారి కారును, దొరకినచో ఆటోను గేటులో నుండి మామూలు వేగమున రెండేసి మార్లు నడిపింపుడు. తరువాత తెరను గాక రికార్డును తెఱచి, ఆ బండ్ల నంబరులు ముందుగా తెలియని ఇంటివారి నొకరిని పిలిచి చదువుమనుడు. తెలిసిన నంబరును మన కన్ను మసకలో కూడ చదివివేయును. అందుచేత మీ కంటిని మీరు నమ్మకుడు. తడబాటు లేకుండ చదివినచో పని ముగిసినది. చదువలేనిచో షట్టరును గాని ఐఆర్‌ను గాని ఒక మెట్టు మార్చి మరల నడిపింపుడు. ఒకేసారి నాలుగు అమరికలను మార్చినచో ఏది మేలు చేసినదో ఏది కీడు చేసినదో తెలియదు. వానకురిసిన రాత్రి యొకసారి, పండుగ దీపములున్న రాత్రి యొకసారి కూడ చూడుడు. దసరా దినములలో ప్రొద్దుటూరు అమ్మవారిశాల పరిసరములలో వెలుగు దీపాలంకరణలో మామూలు రాత్రి అమరిక పనికిరాకపోవచ్చును.

చివరగా, పట్టిన నంబరును ఏమి చేయవలెను? పలువురు గుమిగూడు సంస్థలు కెమెరాలు పెట్టి, ముప్పది రోజుల దృశ్యములను భద్రపఱచవలెనని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టము విధించినది. మీ అంగడి చిన్నదైనను ఆ ముప్పది రోజుల నియమమును మీరును పాటింపుడు, ఏలయన దొంగతనమునకు వారము ముందే వచ్చి చూచిపోయిన బండి తఱచుగా పాత దృశ్యములలో దొరకును. సంఘటన జరిగినంతనే సంబంధించిన భాగమును పెన్‌డ్రైవులోనికి నకలు తీయుడు. అసలు డిస్కును చెఱుపకుడు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము అట్టి రికార్డు న్యాయస్థానమున చెల్లుటకు ధ్రువపత్రము కావలెను; అందు యంత్రము మీ అధీనములో నుండి సక్రమముగా పనిచేయుచుండెనని మీరును, నిపుణుడును సంతకము చేయవలసియుండును. ఆ నమూనాను స్టేషనులో గాని న్యాయవాది వద్ద గాని అడిగి తీసికొనుడు.

నంబరు చిక్కగానే దొంగ చిక్కెనని తలంపకుడు. ఫలకము దొంగిలించినది కావచ్చును, దొంగఫలకము కావచ్చును, అమ్మిన బండి పేరు మార్చుకొనకయే తిరుగుచుండవచ్చును. ఆ నంబరు గల నిజమైన యజమాని ఏ పాపమెఱుగని వాడై తన యింట నిదురించుచుండవచ్చును. కావున ఆ చిత్రమును వాట్సాప్ గుంపులలో పెట్టకుడు, వానియింటికి మనుష్యులను తీసికొని పోకుడు. దృశ్యమును, తేదీని, వేళను, నంబరును వ్రాసి స్టేషనులో ఇచ్చి, ఇచ్చినట్లు రసీదు తీసికొనుడు.